సైరన్ మోగకముందే

మే నెల వచ్చిందంటే మా వీధిలో నాలుగిళ్ళలోనైనా అమ్మానాన్నలు దిగుతారు. గుంటూరు, కరీంనగర్ ఎండలు తప్పించుకుని మనవళ్ళతో రెండు మూడు నెలలు గడుపుదామని వస్తారు. సరిగ్గా అప్పుడే, టెక్సస్ ఉత్తర భాగం నుంచి ఓక్లహామా, కాన్సస్, నెబ్రాస్కా మీదుగా కెనడా దాకా పరుచుకున్న ఈ గడ్డిమైదానం, అంటే ప్రెయిరీ, ఏడాది మొత్తంలో ప్రమాదకరమైన రోజుల్లోకి అడుగుపెడుతుంది. కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళ్ళాక ఇంట్లో మిగిలేది పెద్దవాళ్ళే. మధ్యాహ్నం మూడు దాటాక ఆకాశం నల్లబడి ఊరంతా సైరన్ మోగితే ఏం చేయాలో చాలా ఇళ్ళలో వాళ్ళకి ఎవరూ చెప్పి ఉండరు. ఇది ముందుగా వాళ్ళ కోసం రాస్తున్నాను. ఆ తర్వాత, కొత్తగా వచ్చిన విద్యార్థుల కోసం, కొత్త కాపురాల కోసం.

తుపాను మనకి తెలియనిది కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదికి రాకముందు రోజుల తరబడి మనకి కబురు ఉంది. వాయుగుండం ఎక్కడుందో, ఎటు కదులుతోందో, ఎక్కడ తీరం దాటుతుందో టీవీ చెబుతూనే ఉంది. ఆ అలవాటే ఇక్కడ మనల్ని దెబ్బతీస్తుంది. ఇక్కడి గాలివాన పొద్దున ఉండదు, మధ్యాహ్నం పుడుతుంది, గంటలో ఊరు దాటిపోతుంది. 2013 మే 20న ఓక్లహామాలోని మూర్ పట్టణంలో వార్నింగ్ ఇచ్చిన 16 నిమిషాలకి టోర్నడో, అంటే పెనుసుడిగాలి, నేలని తాకింది. 24 మంది పోయారు, వాళ్ళలో ఏడుగురు ఒకే బడి పిల్లలు. పదహారు నిమిషాలు దొరకడం అదృష్టం కిందే లెక్క. చాలాసార్లు అంత కూడా దొరకదు.

కారణం నేల తీరులోనే ఉంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి ఉక్కపోత గాలి ఉత్తరానికి ఎగబాకుతుంది. నైరుతి ఎడారుల నుంచి పొడిగాలి దాని మీదికి వస్తుంది. ఇంకా పైన, పడమటి నుంచి వేగంగా పారే గాలి ఉంటుంది. అడ్డుకోవడానికి కొండ లేదు, అడవి లేదు. ఈ మూడూ కలిసిన సాయంత్రం, మబ్బు గిరగిరా తిరుగుతూ పదిహేను కిలోమీటర్ల ఎత్తుకి పెరుగుతుంది. ఓక్లహామా, కాన్సస్‌లలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా జోరు ఎక్కువ. ఎండాకాలం ముదిరేకొద్దీ అది డకోటాల మీదికి, కెనడాలోని ఆల్బర్టా, మానిటోబాల మీదికి జరుగుతుంది.

వాచ్ వేరు, వార్నింగ్ వేరు

ఈ రెండు మాటలు ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా నోటికి రావాలి. టోర్నడో వాచ్ అంటే పరిస్థితులు అందుకు అనువుగా ఉన్నాయి, రావచ్చు, కనిపెట్టుకుని ఉండమని. చాలా కౌంటీలకి కలిపి కొన్ని గంటలపాటు ఉంటుంది. దీన్ని ఓక్లహామాలోని నార్మన్‌లో ఉన్న స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ ఇస్తుంది. టోర్నడో వార్నింగ్ అంటే వచ్చేసింది. ఎవరో కళ్ళారా చూశారు, లేదా రాడార్‌లో సుడి కనిపించింది. దీన్ని మీ ప్రాంతపు నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసు ఇస్తుంది. వాచ్ వస్తే ఫోన్లు చార్జింగ్‌లో పెట్టండి, కారు గ్యారేజీలో పెట్టండి, దూరప్రయాణం మానుకోండి. వార్నింగ్ వస్తే ఇవేవీ చేయకండి, దాక్కోండి. పొయ్యి మీద పోపు ఉంటే పొయ్యి కట్టేసి వెళ్ళిపోండి.

వార్నింగ్ విన్న వెంటనే మనిషి చేసే మొదటి పని, నిజమా కాదా అని తలుపు తీసి ఆకాశం చూడటం. 2011 మే 22న మిస్సోరీలోని జాప్లిన్ పట్టణంలో అదే జరిగింది. మొదటి సైరన్ మోగాక టోర్నడో ఊళ్ళోకి రావడానికి ఇరవై నిమిషాలకు పైగా వ్యవధి ఉంది. కానీ మొదటి సైరన్‌కే కదిలినవాళ్ళు తక్కువని ప్రభుత్వం తర్వాత చేసిన పరిశీలనలో తేలింది. చాలామంది టీవీ పెట్టారు, బయటికి వెళ్ళి చూశారు, రెండో సైరన్ కోసం ఆగారు. 158 మంది చనిపోయారు. టోర్నడో బొమ్మల్లోలాగా సన్నటి తొండంలా కనిపిస్తుందని అనుకోవద్దు. ఎన్నోసార్లు అది వానతెర వెనకాల ఉంటుంది. రాత్రిపూట అయితే అసలు కనిపించదు. మీరు చూసి నిర్ధారించుకోవలసిన పని లేదు.

కబురు రెండు మూడు దారుల్లో రావాలి

సైరన్లని ఆరుబయట ఉన్నవాళ్ళ కోసం పెట్టారు. తలుపులు వేసుకుని, ఏసీ ఆన్ చేసి పడుకున్నవాళ్ళకి అవి వినపడకపోవచ్చు. అందుకని ఒక్క సైరన్‌ని నమ్ముకోకూడదు. బ్యాటరీతో కూడా పనిచేసే వెదర్ రేడియో ఒకటి కొని, అందులో మీ కౌంటీ కోడ్ పెట్టి, పడకగదిలో ఉంచండి. అర్ధరాత్రి లేపేది అదే. నా దృష్టిలో ఈ ప్రాంతానికి వచ్చినవాళ్ళు ప్రెషర్ కుక్కర్ తర్వాత కొనవలసిన వస్తువు ఇది.

ఫోన్‌లో అత్యవసర అలర్టులు విసుగని ఆపేసినవాళ్ళు మళ్ళీ ఆన్ చేయండి. టోర్నడో వార్నింగ్‌కి ఫోన్ గట్టిగా అరుస్తుంది. మామూలు గాలివాన వార్నింగ్‌లన్నిటికీ అరవదు. గాలి గంటకి 129 కిలోమీటర్లు దాటుతుందనో, బేస్‌బాల్ అంత వడగళ్ళు పడతాయనో అనిపిస్తేనే అరుస్తుంది. అమ్మానాన్నల ఇండియా సిమ్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఇక్కడి సిమ్ వేసి ఇవ్వండి. అలర్టు ఇంగ్లిష్‌లోనో స్పానిష్‌లోనో వస్తుంది, తెలుగులో రాదు. కాబట్టి ఆ అరుపు ఎలా ఉంటుందో యూట్యూబ్‌లో ఒకసారి వినిపించండి. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ పిడుగుల గురించి ఫోన్లకి పంపే మెసేజీలు చూసినవాళ్ళయితే, ఇదీ అలాంటిదేనంటే ఇట్టే అర్థం చేసుకుంటారు.

మీ కౌంటీ పేరు, దానికి పడమట, నైరుతిలో ఉన్న కౌంటీల పేర్లు ఒక కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించండి. టీవీలో కాలిన్, డెంటన్, టారంట్ అని కౌంటీల పేర్లే గబగబా చదువుతారు. గాలివానలు ఎక్కువగా పడమటి నుంచి, నైరుతి నుంచి తూర్పు వైపుకి వస్తాయి. పడమటి కౌంటీ పేరు వినపడితే మీ వంతు దగ్గర్లో ఉందన్నమాట.

ఓక్లహామా సిటీలో శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి, డాలస్‌లో నెలలో మొదటి బుధవారం సైరన్లు పరీక్షిస్తారు. మీ ఊరి పరీక్ష రోజు ఏదో కనుక్కుని పెద్దవాళ్ళకి చెప్పండి, లేకపోతే ఊరికే హడలిపోతారు. పరీక్ష రోజు కాకుండా మోగిందా, అది నిజమే. కొన్ని ఊళ్ళలో పెద్ద వడగళ్ళకి, పెనుగాలికి కూడా మోగిస్తారు. సైరన్ ఆగితే ప్రమాదం పోయినట్టు కాదు. మళ్ళీ మోగితే, ఇంకో ప్రమాదం ఉన్నట్టు.

ఎక్కడ దాక్కోవాలి

సూత్రం ఒకటే. వీలైనంత కిందికి, వీలైనంత లోపలికి, కిటికీలకి దూరంగా. మీకూ బయటికీ మధ్య ఎన్ని గోడలు ఉంటే అంత మంచిది. బేస్‌మెంట్ ఉంటే అక్కడే, గట్టి బల్ల కిందో మెట్ల కిందో. పై అంతస్తులో ఫ్రిజ్ లాంటి బరువైనవి ఉన్న చోటికి సరిగ్గా కింద కూర్చోవద్దు. డాలస్ చుట్టుపక్కల ఇళ్ళకి బేస్‌మెంట్లు చాలా అరుదు. అక్కడ కింది అంతస్తులో కిటికీ లేని క్లోజెట్, బాత్‌రూమ్, లేదా మెట్ల కింది గూడు చూసుకోవాలి. బాత్‌టబ్‌లో కూర్చుని పైన పరుపు కప్పుకోవచ్చు. పూజగది ఇంటి మధ్యలో, కిటికీ లేకుండా, కింది అంతస్తులో ఉంటే అదీ మంచి చోటే. దీపం మాత్రం ఆర్పేయండి.

మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉండే విద్యార్థులకి ఒక మాట. కింది అంతస్తులో ఎవరున్నారో ఇవాళే పరిచయం చేసుకోండి. వార్నింగ్ వచ్చినప్పుడు మీ ఇంటికి రావచ్చా అని సిగ్గుపడకుండా అడగండి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు ఇలాంటి విషయంలో కాదనడం నేను చూడలేదు. లిఫ్ట్ ఎక్కవద్దు. దిగే వ్యవధి లేకపోతే ఇంటి మధ్యలో ఉన్న బాత్‌రూమే గతి.

ఆఫీసులో ఉంటే, పెద్ద హాలు, కెఫెటేరియా, అద్దాల లాబీ వద్దు. మధ్యలో ఉన్న రెస్ట్‌రూములు, మెట్ల దారి వెతుక్కోండి. పెద్ద పెద్ద దుకాణాల్లో ఉన్నా అంతే. స్తంభాలు దూరదూరంగా ఉన్న వెడల్పాటి కప్పు కింద నిలబడకండి, వెనకున్న చిన్న గదుల వైపు వెళ్ళండి.

మొబైల్ హోమ్‌లో, క్యాంపింగ్ వ్యాన్‌లో, టెంట్‌లో మాత్రం ఉండనే కూడదు. 1987 జూలై 31న ఎడ్మంటన్‌లో టోర్నడోకి పోయిన 27 మందిలో 15 మంది ఒకే మొబైల్ హోమ్ పార్కులోని వాళ్ళు. 2000 జూలై 14న ఆల్బర్టాలోని పైన్ లేక్ దగ్గర క్యాంప్‌గ్రౌండ్‌లో 12 మంది చనిపోయారు. కాల్గరీ, ఎడ్మంటన్‌లలో ఉండే మనవాళ్ళు జూలైలోనే కుటుంబాలతో క్యాంపింగ్‌కి వెళ్తారు. టెంట్ వేసేముందు, అక్కడ గట్టి కట్టడం ఏదుందో, నడిచి ఎంతసేపో చూసుకోవాలి. వాచ్ రాగానే అక్కడికి చేరాలి, వార్నింగ్ దాకా ఆగితే ఆలస్యమే.

పాతకాలం మాటలు రెండు ఇప్పటికీ తిరుగుతున్నాయి. గాలి ఒత్తిడి సమం కావడానికి కిటికీలు తెరవాలని ఒకటి, నైరుతి మూలన కూర్చోవాలని ఇంకొకటి. రెండూ తప్పే. కిటికీ దగ్గరికి వెళ్ళిన ఆ అర నిమిషమే ప్రాణం తీయవచ్చు.

ఆ క్లోజెట్‌లో ఏం ఉండాలి

ముందుగా చెప్పులు, ఇంకా మంచిది బూట్లు. మనం పాదరక్షలు గుమ్మం దగ్గరో గ్యారేజీలోనో విప్పేసి ఉత్తకాళ్ళతో తిరుగుతాం. ఇల్లు కూలితే నేలంతా గాజుపెంకులు, మేకులు. బయటపడిన తర్వాత అరికాళ్ళకి దెబ్బలు తగలడం మామూలే. అందుకే ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని జతల పాతబూట్లు క్లోజెట్ లోపలే పెట్టాలి. అమ్మమ్మ కాలికి సరిపోయేవి కూడా.

తర్వాత హెల్మెట్లు. పిల్లల సైకిల్ హెల్మెట్, క్రికెట్ హెల్మెట్, ఏదైనా సరే. చనిపోయేవాళ్ళలో చాలామంది ఎగిరివచ్చిన వస్తువు తలకి తగిలే పోతారు. టార్చిలైట్, ఈల, మంచినీళ్ళు, ఫోన్ పవర్‌బ్యాంక్, వారానికి సరిపడా బీపీ, షుగర్ మాత్రలు. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, విద్యార్థులయితే ఐ-20, అన్నీ జిప్ కవర్‌లో వేసి ఉంచండి. వాటిని మళ్ళీ తెప్పించుకోవడం ఎంత కష్టమో పోగొట్టుకున్నవాళ్ళకే తెలుసు. ఈల ఎందుకంటే, శిథిలాల కింద అరిచి అరిచి గొంతు పోతుంది, ఈల పోదు.

గ్యారేజీ నేలలో ఇనప షెల్టర్ పెట్టించుకున్నవాళ్ళు దాన్ని ఊరి అధికారుల దగ్గర నమోదు చేయించండి. తలుపు మీద చెత్త పడి తెరుచుకోకపోతే, వెతకవలసిన చోటు వాళ్ళకి తెలిసి ఉంటుంది.

కారులో ఉంటే

ఇది రాయడానికే నాకు భయం వేస్తుంది, ఎందుకంటే దీనికి మంచి జవాబు లేదు. 2013 మే 31న ఎల్ రీనో దగ్గర వచ్చిన టోర్నడో 4.2 కిలోమీటర్ల వెడల్పు, ఇప్పటిదాకా కొలిచినవాటిలో అతి పెద్దది. అందులో పోయిన ఎనిమిది మందీ వాహనాల్లో ఉన్నవాళ్ళే. వాళ్ళలో టిమ్ సమారస్ కూడా ఉన్నారు. టోర్నడోల మీద జీవితమంతా పరిశోధన చేసిన మనిషి, జాగ్రత్తపరుడని పేరున్నవాడు. అదే సాయంత్రం ఓక్లహామా సిటీలో వేలమంది ఇళ్ళు వదిలి కార్లలో పారిపోబోయి హైవేల మీద ఇరుక్కుపోయారు. ఆ రాత్రి వాననీటి తూముల్లో దాక్కున్న కొందరు వరదకి కొట్టుకుపోయారు.

కాబట్టి గట్టి ఇల్లు వదిలి కారెక్కవద్దు. దారిలో ఉండగా వార్నింగ్ వస్తే దగ్గర్లోని గట్టి కట్టడంలోకి వెళ్ళండి. పెట్రోలు బంకు దుకాణాల్లో కూల్‌డ్రింకులు నిలవుంచే పెద్ద చల్లని గది, రెస్ట్‌రూము కొంత నయం. ఏదీ దొరకకపోతే రెండే దారులు. బెల్టు పెట్టుకుని, తల కిటికీ మట్టానికి కిందికి వంచి, చేతులతోనో దుప్పటితోనో కప్పుకుని కారులోనే ఉండటం. లేదా రోడ్డు కంటే బాగా పల్లంగా ఉన్న చోట, కార్లకి దూరంగా బోర్లా పడుకోవడం. అక్కడ నీళ్ళు పారుతుంటే అదీ కుదరదు.

ఫ్లైఓవర్ కింద మాత్రం ఎప్పుడూ ఆగవద్దు. 1999 మే 3న ఓక్లహామాలో అలా వంతెనల కింద తలదాచుకున్నవాళ్ళలో ముగ్గురు చనిపోయారు. ఇరుకుదారిలో గాలి ఇంకా ఉరవడిగా దూసుకుపోతుంది, రాళ్ళూ రేకులూ మోసుకొస్తుంది. పైగా అడ్డంగా ఆపిన కార్ల వల్ల వెనక వస్తున్నవాళ్ళకి దారి మూసుకుపోతుంది.

క్రికెట్ మైదానంలో ఉరిమితే

టోర్నడో ఎప్పుడో ఒకసారి. పిడుగు ఈ మైదానంలో ప్రతి వారం మాట. శని ఆదివారాల్లో మన కుర్రాళ్ళు క్రికెట్ ఆడే గ్రౌండ్లన్నీ ఆరుబయళ్ళు. చుట్టూ చూస్తే అందరికంటే ఎత్తుగా ఉన్నది బ్యాట్స్‌మనే. ఇంకో రెండు ఓవర్లు ఆడేద్దాం అనే మాటని కెప్టెన్ అక్కడే ఆపేయాలి. వాన పడే చోటుకి పదహారు కిలోమీటర్ల దూరంలో, తలమీద నీలాకాశం ఉన్నా పిడుగు పడగలదు. ఉరుము వినపడిందంటే మీరు అది అందుకునే దూరంలోనే ఉన్నారు.

ఇనప గొట్టాల షామియానా కింద, చెట్టు కింద, స్కోరర్ల రేకుల షెడ్డులో నిలబడవద్దు. కార్లలోకి వెళ్ళి అద్దాలు ఎత్తుకోండి. కారు కాపాడేది రబ్బరు టైర్ల వల్ల కాదు, ఇనప పైకప్పు కరెంటుని చుట్టూ తిప్పి నేలలోకి పంపడం వల్ల. ఆఖరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి అప్పుడు మైదానంలోకి దిగాలి. ఇంట్లో ఉన్నా ఉరుముతున్నంతసేపు స్నానం, గిన్నెలు తోమడం మానాలి, నీటిగొట్టాల గుండా కరెంటు వస్తుంది. మా అమ్మమ్మ ఉరిమితే అర్జునుడి పేర్లు తలచుకోమనేది. నేను ఇప్పటికీ తలచుకుంటాను, ఇంట్లోకి వచ్చాక. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు. వెంటనే 911కి ఫోన్ చేసి, ఊపిరి ఆడకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి.

వడగళ్ళు, పెనుగాలి, వరద

ఇక్కడ వడగళ్ళ సైజుని నాణేలతో, బంతులతో చెబుతారు. క్వార్టర్ అంటే ఉసిరికాయంత, గోల్ఫ్ బంతి అంటే నిమ్మకాయంత, బేస్‌బాల్ అంటే బత్తాయంత. 2010 జూలై 23న సౌత్ డకోటాలోని వివియన్‌లో పడిన వడగల్లు 20 సెంటీమీటర్ల అడ్డకొలత, దాదాపు 880 గ్రాముల బరువు. కారు కాపాడుకుందామని దుప్పట్లు పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తేవాళ్ళని ఏటా చూస్తాను. కారుకి ఇన్సూరెన్స్ ఉంది, తలకి లేదు. లోపలే ఉండండి, కిటికీలకీ పైకప్పు అద్దాలకీ దూరంగా.

సుడి లేని గాలిని చులకన చేయవద్దు. 2020 ఆగస్టు 10న అయోవా మీదుగా సాగిన డెరేచో, అంటే తిన్నగా వీచే పెనుగాలుల బారు, సీడర్ ర్యాపిడ్స్ దగ్గర గంటకి 225 కిలోమీటర్ల వేగం అందుకుందని అంచనా. చాలా ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. గాలి అంత జోరుగా వస్తుందని చెబితే టోర్నడోకి దాక్కున్నట్టే దాక్కోండి.

నీళ్ళు పారుతున్న రోడ్డు మీద కారు పోనివ్వవద్దు. అడుగు లోతు పారే నీళ్ళు చిన్నకారుని లాక్కుపోతాయి, రెండడుగులైతే దాదాపు ఏ బండినైనా.

గాలి ఆగాక

తెగిన తీగ ఏదైనా సరే కరెంటు ఉన్నట్టే అనుకోండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి నడవండి. జనరేటర్ ఇంటికి 6 మీటర్ల దూరంలో పెట్టాలి. గ్యారేజీ తలుపు తెరిచే ఉంది కదా అని లోపల పెడితే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంటిల్లిపాదినీ నిద్రలోనే తీసుకుపోతుంది. బొగ్గుల కుంపటి కూడా లోపలికి తేవద్దు. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, ఇడ్లీపిండి కోసం మాటిమాటికీ తెరవకండి. ఇండియాకి ఫోన్ కలవకపోతే బాగున్నామని ఒక మెసేజ్ పెట్టండి, ఫోన్ వెళ్ళని చోట మెసేజ్ వెళ్తుంది.

మర్నాడు తలుపు తట్టి, మీ రూఫ్ మార్చేస్తాం, డిడక్టిబుల్ మాఫీ చేస్తాం అనేవాళ్ళు వస్తారు. టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి అలా మాఫీ చేయడం నేరం. ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా ముందు ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోటోలు పంపండి. మీ పాలసీలో వడగళ్ళకి డిడక్టిబుల్ ఎంత శాతమో ఇప్పుడే చూసుకోండి. ఐదు లక్షల డాలర్ల ఇంటికి రెండు శాతమంటే పదివేల డాలర్లు మీ చేతి నుంచే.

చివరగా, మా క్లోజెట్ తలుపు మీద అంటించిన కాగితం. అమ్మ కళ్ళజోడు లేకుండా చదివేంత పెద్ద అక్షరాలతో రాశాను. కావలసినవాళ్ళు మీ ఇంటికి తగ్గట్టు మార్చుకుని రాసుకోండి.

"అమ్మా, నాన్నా, ఫోన్ గట్టిగా అరిచినా, సైరన్ మోగినా పొయ్యి కట్టేసి ఇందులోకి రండి. బయటికి వెళ్ళి చూడొద్దు. మా కోసం ఆగొద్దు, మేము ఆఫీసులోనే దాక్కుంటాం. తలుపు వేసుకుని బూట్లు తొడుక్కోండి, హెల్మెట్లు పెట్టుకోండి, దుప్పటి కప్పుకోండి. మన ఇంటి అడ్రసు ఈ కాగితం కింద ఉంది, 911కి చేస్తే అది చదవండి, తెలుగు అని చెప్పండి. ఫోన్‌లో రాసిన టైము దాటి, గాలి పూర్తిగా ఆగేదాకా ఇందులోంచి రావద్దు. నాన్నా, మీ బీపీ మాత్రలు పై అరలో, ఎడమ పక్కన."